పెంకులు దించుకున్న తాబేలు

అమెరికా పటంలో దక్షిణ డకోటా రాష్ట్రం ఖండం నడిబొడ్డున ఉంటుంది. అక్కడి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా వెయ్యి కిలోమీటర్లు దాటితే గాని సముద్రం కంటబడదు. పచ్చిక మైదానాలు, పశువుల మందలు, ఎండాకాలంలో నెర్రెలు విచ్చే నల్లటి నేల. ఆ నేల కింద వందల మీటర్ల మందాన పరుచుకున్నది పియర్ షేల్. దాన్ని రాయి అంటారు గాని, వేళ్లతో నలిపితే పొరలు పొరలుగా విడిపోతుంది. నాలుగు చినుకులు పడితే చాలు, బూటు అడుగులకు పట్టి వదలని జిగట బురదవుతుంది. అది పుట్టడమే బురదగా పుట్టింది మరి. ఏడు కోట్ల ఏళ్ల పైచిలుకు కిందట ఒక సముద్రం అడుగున చేరిన ఒండ్రు, పైన పడ్డ బరువుకు నలిగి గట్టిపడింది.

ఆ సముద్రం ఉత్తరాన ఆర్కిటిక్ నుంచి దక్షిణాన మెక్సికో సింధుశాఖ దాకా మూడు వేల కిలోమీటర్లకు పైగా సాగి, ఉత్తర అమెరికాను నిలువునా రెండుగా చీల్చింది. మన భారతదేశం అప్పటికింకా ఆసియాను తాకలేదు. భూమధ్యరేఖకు దక్షిణాన, చుట్టూ నీళ్లతో, మెల్లగా ఉత్తరానికి జరుగుతూ ఉంది. చీలిన ఖండం పడమటి ముక్క మీద అగ్నిపర్వతాలు పేలినప్పుడల్లా బూడిద గాలికి కొట్టుకొచ్చి ఆ సముద్రంలో పడేది, అడుగున పలచటి పొరగా పేరుకునేది. ఆ బూడిదలోని స్ఫటికాల్లో రేడియోధార్మిక మూలకాలు ఎంతమేర క్షీణించాయో కొలిస్తే పొర వయసు తేలుతుంది. రెండు బూడిద పొరల మధ్య ఎముక దొరికిందంటే దాని వయసు కూడా ఆ రెంటి మధ్యదే. బూడిద కనబడని చోట బాక్యులైట్లు ఆదుకుంటాయి. స్క్విడ్లకు దూరపు చుట్టాలైన ఈ జీవులకు కర్రలా నిటారుగా ఉండే గుల్ల ఉండేది. వాటిలో ఒక్కో రకం కొద్ది లక్షల ఏళ్లే బతికి అంతరించింది కాబట్టి, ఏ రకం గుల్ల దొరికిందో చూసి పొర వయసు చెప్పేయవచ్చు. ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే మనం చెప్పుకోబోయే తాబేలు కాలం సుమారు ఏడు, ఏడున్నర కోట్ల ఏళ్ల కిందటిది.

1895లో జార్జ్ రెబర్ వీలండ్ అనే యువకుడు బ్లాక్ హిల్స్ కొండలకు ఆగ్నేయంగా, షెయెన్ నది పరిసరాల్లోని ఈ షేల్‌లో ఒక అస్థిపంజరాన్ని తవ్వి తీశాడు. తల లేదు. మిగతాది దాదాపుగా ఉంది. మరుసటి ఏడాది అమెరికన్ జర్నల్ ఆఫ్ సైన్స్‌లో దాన్ని వర్ణిస్తూ ఆర్కెలాన్ ఇస్కిరోస్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత అదే ప్రాంతంలో ఇంకో తాబేలు తల దొరికింది. సన్నగా, పొడుగ్గా ఉన్న ఆ తలకు కిందికి వంగిన కొక్కెంలాంటి ముక్కు ఉంది. మొదటి అస్థిపంజరం ఇప్పటికీ యేల్ విశ్వవిద్యాలయపు పీబడీ మ్యూజియంలోనే ఉంది. పొడవు సుమారు మూడున్నర మీటర్లు.

వీలండ్ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోదాం. ఇంత పెద్ద తాబేలును లోకానికి చూపించిన మనిషి ఆ తర్వాత జీవితంలో ఎక్కువ భాగం చెట్ల శిలాజాలకే, అందులోనూ సైకాడ్లకే ఇచ్చేశాడు. అదే బ్లాక్ హిల్స్ అంచున సైకాడ్ శిలాజాలున్న నేలను ప్రభుత్వ పథకం కింద తన పేర తీసుకుని, వాటిని కాపాడమని తిరిగి ప్రభుత్వానికే అప్పగించాడు. 1922లో అది జాతీయ స్మారక స్థలం అయింది. తీరా చూస్తే నేల మీద చూడడానికి శిలాజాలే మిగల్లేదు. సందర్శకులు ఏరుకుపోయినవి కొన్నయితే, వీలండే యేల్‌కు తరలించినవి ఎన్నో. చివరికి 1957లో ఆ స్మారక హోదానే రద్దు చేశారు. శిలాజాన్ని ఉన్నచోట ఉంచితే జనం ఎత్తుకుపోతారు, మ్యూజియానికి చేరిస్తే ఊరు బోసిపోతుంది. ఈ తగవు ఈనాటికీ తెగలేదు.

తాబేలు దగ్గరికి వద్దాం. ఆర్కెలాన్ పేరెత్తగానే అందరూ దాని పొడవు, బరువు అడుగుతారు. పిల్లల పుస్తకాల్లో అయితే పక్కన ఒక కారు బొమ్మ కూడా వేస్తారు. నా మటుకు నాకు ఆ ఎముకల్లో ఉన్నదాని కంటే లేనిదే ఎక్కువ ఆసక్తిగా కనిపిస్తుంది. తాబేలుకు తాబేలుతనం ఇచ్చేదే డిప్ప. ఆర్కెలాన్ వీపు మీద ఆ డిప్ప చాలా భాగం లేదు.

తాబేలు డిప్ప నత్తగుల్లలా బయట తొడుక్కున్నది కాదు, దాని అస్థిపంజరంలోనే ఒక భాగం. పాతకాలపు పెంకుటింటి కప్పును తలచుకోండి. నడుమ దూలం, దాని నుంచి రెండు వైపులా వాలుగా దిగే వాసాలు, వాటి మీద పెంకులు, చివర చూరు. తాబేలుకు దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. పక్కటెముకల అంచుల నుంచి ఎముక వెడల్పుగా పెరిగి, పక్కదానితో అతుక్కుపోయి, పెంకులు కప్పినట్టు సందు లేకుండా మూసేస్తుంది. చుట్టూ అంచు ఎముకల వరస చూరులా నిలుస్తుంది. దాని మీద మన గోరులాంటి పదార్థంతో పలచటి పొర. తాబేలు భుజం ఎముక కూడా ఈ కప్పు కిందికే, అంటే పక్కటెముకల లోపలికే వచ్చేసింది. వెన్నెముక ఉన్న జంతువుల్లో మరెవరికీ ఇలాంటి ఏర్పాటు లేదు. మనకు గాని, కోడికి గాని, బల్లికి గాని భుజం ఎముక పక్కటెముకలకు వెలుపలే ఉంటుంది.

ఆర్కెలాన్‌కు దూలం ఉంది, వాసాలున్నాయి, చూరూ ఉంది. పెంకులు లేవు. పక్కటెముకలు మొదట్లో కాస్త వెడల్పుగా మొదలై, తర్వాత విడివిడిగా, ఒంటరి కర్రల్లా అంచు దాకా సాగుతాయి. వాటి మధ్య మనిషి చెయ్యి దూరేటంత ఖాళీలు. మ్యూజియంలో ఎత్తుగా నిలబెట్టిన అస్థిపంజరం వెనకనుంచి వెలుతురు వస్తే ఆ సందుల్లోంచి అవతలి గోడ కనిపిస్తుంది. బతికున్నప్పుడు ఆ ఖాళీల మీద దళసరి తోలు కప్పి ఉండేదని శాస్త్రజ్ఞుల అంచనా. పొట్ట వైపు మాత్రం పెద్ద పెద్ద మందపాటి పలకలున్నాయి. వాటి అంచుల వెంట వేళ్లలాంటి ముళ్లు బయటికి పొడుచుకుని, నడుమ ఖాళీ వదిలి, ఎదుటి పలక వైపు చాచి ఉంటాయి. పైన తేలిక చేసుకున్నది, కింద అంతగా చేసుకోలేదు.

ఇది ఎలా సాధ్యమైందో తెలుసుకోవాలంటే డకోటా దాకా పోనక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి బాపట్ల దాకా మన తీరానికి ఏటా శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అప్పుడే పుట్టి నీళ్ల వైపు పరుగెత్తే పిల్ల తాబేలు డిప్ప లోపల చూడగలిగితే, దాని పక్కటెముకల మధ్య కూడా సందులే ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఎముక అంచుల వైపు పాకుతూ పోయి సందుల్ని పూడ్చేస్తుంది. మరపడవల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లు అదే కాలంలో కనబడుతుంటాయి. వాటిలో బాగా ఎండి, పైపొర ఊడిపోయిన డిప్పను తిరగేసి చూస్తే పక్కటెముకల కొసలు అంచు ఎముకల్లోకి మేకుల్లా దిగి ఉండడం స్పష్టంగా తెలుస్తుంది. రిడ్లీ పెద్దదయ్యేసరికి పూర్తి చేసే ఆ పనిని ఆర్కెలాన్ పూర్తి చేయలేదు. ఒళ్లు పెద్దదయింది గాని, డిప్ప మాత్రం పిల్లనాటి తీరులోనే ఆగిపోయింది. పరిణామంలో కొత్త అవయవం పుట్టడం కష్టం. ఉన్న ఎదుగుదలను మధ్యలో ఆపడం దానికంటే చాలా సులువు. ఎన్నో జంతువుల్లో ఈ దగ్గరి దారి కనిపిస్తుంది.

లాభం ఏమిటి? ఎముక నీటికంటే బరువు. కట్టడానికి కాల్షియం కావాలి, కాలం కావాలి. నేల మీద తాబేలుకు నక్క పళ్ల నుంచో మొసలి దవడ నుంచో కాపు కావాలి. నడి సముద్రంలో రోజంతా ఈదే దానికి మాత్రం బరువైన కవచం ప్రతి తెడ్డు వేటుకూ మోయాల్సిన భారం. పైగా ఒక మోతాదు దాటి పెద్దదైతే ఆ పరిమాణమే కొంత కాపు అవుతుంది. ఆర్కెలాన్ ముంగాళ్లు పొడవాటి తెడ్లు, భుజం దగ్గరి ఎముక మీద బలమైన కండరాలు పట్టుకునే గుబ్బలు ఉన్నాయి. ఒడ్డున పాకే తాబేలు కాదది, దూరాలు ఈదేది.

కాపు పూర్తిగా లేకపోలేదు గాని చాల్లేదనడానికి వీలండ్ తవ్విన అస్థిపంజరంలోనే ఒక సాక్ష్యం ఉంది. దాని కుడి వెనక కాలు మోకాలి దిగువన లేదు. మట్టిలో పోయిందనుకోవడానికి వీల్లేకుండా, ఎముక ఏటవాలుగా తెగి ఉంది. ఆ పక్కన మిగిలిన ఎముకలు ఎడమ కాలి ఎముకల కంటే చిన్నవి. వీలండ్ దీన్ని చూసి, చిన్న వయసులోనే ఏదో జంతువు ఆ కాలు కొరికేసిందని, తాబేలు బతికి బయటపడిందని, వాడకం తగ్గిన ఆ కాలు ఎదగలేదని ఊహించాడు. నాకైతే ఆ తర్కంలో లోపం కనబడదు. చచ్చిన తర్వాత తెగిన కాలికి గిడసబారే అవకాశం ఉండదు కదా. అంటే మూడు తెడ్లతోనే ఆ ప్రాణి మూడున్నర మీటర్ల దాకా ఎదిగింది. సముద్ర తాబేళ్లు ఈదడానికి ముఖ్యంగా వాడేది ముంగాళ్లను, వెనక కాళ్లు దిశ తిప్పుకోవడానికి, ఆడవాటికైతే గుడ్ల గుంట తవ్వడానికి. ముంగాలు పోయి ఉంటే ఈ కథ మనదాకా వచ్చేది కాదు.

కొరికిందెవరు? ఆ సముద్రంలో అనుమానితులకు కొదవ లేదు. బస్సు పొడవున పెరిగే మోససార్లు ఉండేవి, ఇవి ఉడుములకు, పాములకు దూరపు బంధువులు. సొరచేపలూ ఉండేవి. ఆర్కెలాన్‌కు దగ్గరి చుట్టమైన ప్రోటోస్టెగా ఎముకల మీద సొర పళ్ల గాట్లు అలబామా రాష్ట్రంలో దొరికాయి. అయితే బతికున్నదాన్ని కొరికిందా, తేలుతున్న శవాన్ని పీక్కుతిన్నదా అన్నది గాటు చూసి చెప్పడం ఎప్పుడూ సాధ్యం కాదు. గాయం మానిన గుర్తు ఉంటేనే బతికి ఉండగా జరిగిందని నమ్మకంగా అనగలం. అందుకే ఆ గిడసబారిన కాలు అంత విలువైనది.

ప్రోటోస్టెగా పేరు వచ్చింది కాబట్టి దాని సంగతీ చెప్పాలి. వీలండ్ కంటే పాతికేళ్ల ముందు, 1871లో, ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ కన్సాస్ సుద్దరాతి నేలల్లో దాన్ని కనుగొన్నాడు. ఆ శిలల వయసు ఎనిమిది కోట్ల పైమాట. అది కూడా డిప్ప తేలిక చేసుకున్నదే, పెద్దదే. ఈ రెండింటినీ, వీటి బంధుగణాన్నీ కలిపి ప్రోటోస్టెగిడే కుటుంబం అంటారు. ఆ కుటుంబం అప్పటికే పాతది. కొలంబియాలోని విల్లా డి లేవా దగ్గర దొరికిన డెస్మటోకెలిస్ పడియాయ్ వయసు సుమారు 12 కోట్ల ఏళ్లు. 2015లో దాన్ని వర్ణించినప్పుడు తెలిసిన సముద్ర తాబేళ్లన్నిట్లోకీ పాతదని ప్రకటించారు. ఇంకొకటి బ్రెజిల్‌ది, 11 కోట్ల ఏళ్ల నాటి సంటానాకెలిస్. 1998లో రెన్ హిరయామా నేచర్ పత్రికలో దాన్ని పరిచయం చేశాడు. అరచేతులు రెండూ కలిపితే పట్టేటంత ప్రాణి. దాని ముంగాలి వేళ్లు ఇంకా తెడ్డుగా బిగుసుకుపోలేదు, కీళ్ల దగ్గర కదిలేవి. అయినా కంటి వెనక ఎముకలో పెద్ద ఖాళీ ఉంది. ఉప్పును బయటికి తోసేసే గ్రంథి అక్కడే ఉంటుంది. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన తాబేలు కళ్ల నుంచి ధారగా కారేది దుఃఖం కాదు, ఆ గ్రంథి వడకట్టిన ఉప్పునీరు. అంటే తాబేళ్లు ముందు ఉప్పుతో బతకడం నేర్చుకున్నాయి, మంచి తెడ్లు ఆ తర్వాత వచ్చాయి. సముద్రంలోకి దిగే జంతువు ముందు ఈత నేర్చుకుంటుందని అనుకుంటాం మనం. ఇక్కడ తాగునీటి సమస్య ముందు తీరింది.

ఇంకా వెనక్కి వెళితే చైనాలోని గుయిజౌలో దొరికిన 22 కోట్ల ఏళ్ల నాటి ఒడోంటోకెలిస్ ఉంది. దాని నోట పళ్లున్నాయి, పొట్ట కింద పూర్తి పలక ఉంది, వీపు మీద మాత్రం డిప్ప లేదు. వెడల్పయిన పక్కటెముకలే ఉన్నాయి. మన ప్రాణహిత-గోదావరి లోయలో కోటా శిలల నుంచి వచ్చిన ఇండోకెలిస్ జురాసిక్ కాలం నాటి తాబేలు, దానికి చక్కటి పూర్తి డిప్ప ఉంది. అది మంచినీటి ప్రాణి, ఆర్కెలాన్ వంశానికి నేరుగా సంబంధం లేదు. కానీ రెంటినీ పక్కపక్కన పెడితే దారి తెలుస్తుంది. కోట్ల ఏళ్లు పట్టి ఒక్కొక్క పలకా చేర్చి కట్టుకున్న కప్పును, సముద్రంలోకి దిగిన ఒక శాఖ మళ్లీ విప్పేసింది.

ఆర్కెలాన్ ఏం తినేది? కొక్కెం ముక్కును చూసి కొందరు జెల్లీ చేపలు, స్క్విడ్లు అన్నారు, మరికొందరు గుల్లలు పగలగొట్టుకు తినేదన్నారు. ఆర్కెలాన్ కడుపు సాక్ష్యం చెప్పలేదు గాని, దాని కుటుంబ సభ్యురాలు ఒకటి చెప్పింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో దొరికిన నోటోకెలోన్ పొట్ట భాగంలో ఇనోసెరామస్ జాతి ఆల్చిప్పల ముక్కలు ఉన్నాయని 2006లో బెంజమిన్ కేర్ చూపించాడు. పియర్ షేల్ సముద్రం అడుగున కూడా ఇనోసెరామస్ ఆల్చిప్పలు కొల్లలు. ఆర్కెలాన్ వాటిని వదిలిపెట్టి ఉంటుందని నేననుకోను. అయితే ఒక్క తిండికే కట్టుబడేంత సన్నటి దవడ కూడా కాదది.

ఇక అందరూ అడిగే కొలతలు. దొరికిన ఆర్కెలాన్లలో అతి పెద్దది 1970లలో దక్షిణ డకోటాలోనే బయటపడి, ఇప్పుడు ఆస్ట్రియాలోని వియన్నా సహజ చరిత్ర మ్యూజియంలో ఉంది. తల నుంచి తోక దాకా నాలుగున్నర మీటర్లు, చాచిన ముందు తెడ్ల కొసల మధ్య ఐదు మీటర్ల పైమాట. బరువు రెండు టన్నుల పైచిలుకు అని ఒక లెక్క, మూడు టన్నులు దాటుతుందని ఇంకో లెక్క. పొడవు ఎముకల మీద టేపు పెట్టి కొలిచినది. బరువు మాత్రం ఒళ్లెంత లావుగా ఉండేదో ఊహించుకుని వేసినది. రెంటినీ ఒకే గట్టితనంతో చెప్పే పుస్తకాలను కాస్త అనుమానంగా చదవాలి. ఇప్పుడున్న తాబేళ్లలో అతి పెద్దదైన తోలు తాబేలు, 1988లో వేల్స్ దేశంలోని హార్లెక్ ఒడ్డుకు కొట్టుకొచ్చినది, తొమ్మిది వందల కిలోలు దాటింది.

వియన్నా తాబేలు నూరేళ్లు బతికిందని, సముద్రం అడుగున నిద్రావస్థలో ఉండగా చచ్చిందని కూడా రాస్తుంటారు. నేనైతే ఆ నూరేళ్ల మాట మీద పందెం కాయను. 2023లో ప్రోటోస్టెగా ఎముకలను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించిన అధ్యయనం ఒకటి వచ్చింది. వాటిలో రక్తనాళాలు నడిచిన దారులు దట్టంగా ఉన్నాయి. వేగంగా ఎదిగే ఎముక లక్షణం అది. నింపాదిగా పెరిగే రిడ్లీ లాంటి వాటిలో అంత కనబడదు, తోలు తాబేలులో కనబడుతుంది. ఆర్కెలాన్ కూడా అదే దారిన ఎదిగి ఉంటే, పెద్ద ఒళ్లు పెద్ద వయసుకు రుజువు కాదు.

తోలు తాబేలు డిప్ప కూడా దాదాపు పోయినదే. మన అండమాన్ నికోబార్ ఒడ్డుల్లో గుడ్లు పెట్టే ఈ తాబేలు వీపు మీద గట్టి పలకలకు బదులు, తోలులో పొదిగిన వేల కొద్దీ చిన్న చిన్న ఎముక ముక్కలు ఉంటాయి. ఇంత పోలిక ఉంటే ఆర్కెలాన్ దాని ముత్తాత అనుకోవడం సహజం. చాలా కాలం అలాగే అనుకున్నారు, ఇప్పటికీ రెంటినీ దగ్గరి చుట్టాలుగా చూపే వంశవృక్షాలున్నాయి. ప్రోటోస్టెగిడే కుటుంబం నేటి సముద్ర తాబేళ్లన్నింటి కంటే ముందే విడిపోయిన వేరే శాఖ అని చూపే వంశవృక్షాలూ ఉన్నాయి. రెండో మాటే నిజమైతే డిప్పను తేలిక చేసుకోవడం సముద్రంలో ఒకటికి రెండుసార్లు, ఎవరికి వారుగా జరిగినట్టు.

పెద్ద ఒంటి విషయంలో అలాంటి రుజువు ఇటీవల స్పెయిన్ నుంచి వచ్చింది. పిరనీస్ కొండల్లో, కొల్ డి నర్గో ఊరి దగ్గర కొండ ఎక్కుతున్న ఒకరికి ఎముకలు కంటబడ్డాయి. తవ్వితే కటి ఎముకలు, డిప్ప వెనక భాగం కొంత దొరికాయి. 2022లో దానికి లెవియాథనోకెలిస్ అని పేరు పెట్టారు. కటి వెడల్పు 88.9 సెంటీమీటర్లు, ఆర్కెలాన్ కటి కంటే కాస్త ఎక్కువే. ఆ లెక్కన మొత్తం పొడవు 3.7 మీటర్ల దాకా ఉంటుందని అంచనా వేశారు. కటి ముందు భాగాన మరే సముద్ర తాబేలుకూ లేని ఒక పొడుపు ఉంది. శ్వాసకు సంబంధించిన కండరాలు అక్కడ పట్టుకుని ఉండవచ్చని దాన్ని వర్ణించినవారి ఊహ. వంశవృక్షంలో అది ఆర్కెలాన్ కుటుంబంలోకి చేరలేదు. అమెరికా సముద్రంలో ఒక కుటుంబం మహాకాయాన్ని పెంచుకుంటున్న ఆ కాలంలోనే, యూరప్ ద్వీపాల చుట్టూ ఇంకో శాఖ అదే పని చేసింది. లెవియాథనోకెలిస్ తల గాని తెడ్లు గాని ఇంకా దొరకలేదు. అవి ఉండగల శిల మాత్రం అదే కొండవాలు మీద పైకి తేలి ఉంది.